ఉపాధి పని అడగడం నుంచి కూలి ఖాతాలో పడేదాకా

మా ఊళ్లో దీన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. పక్క ఊళ్లో ‘వంద రోజుల పని’. కాగితాల మీద పేరు మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం. 2005లో చట్టమైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. గాంధీ పేరు 2009లో చేరింది.

నేను మూడు వేసవులు మేటీగా చేశాను. గ్రూపులో హాజరు రాయడం, కొలతలప్పుడు టేపు రెండో కొస పట్టుకోవడం, డబ్బులు పడని వాళ్లను వెంటబెట్టుకుని బ్యాంకు చుట్టూ తిరగడం నా పని. మా అమ్మ పేరు జాబ్ కార్డులో మొదటి నుంచీ ఉంది. చేసిన కష్టం ఎక్కడెక్కడ జారిపోతుందో ఇంట్లోనూ చూశాను, పని దగ్గరా చూశాను. ఎక్కువసార్లు అది జారిపోయేది తేదీ లేని కాగితం దగ్గరే. అందుకే కింద ప్రతి మెట్టులోనూ తేదీ గురించి విసుగొచ్చేంతగా చెబుతాను.

కొత్త చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ పాత చట్టం స్థానంలో ‘వికసిత్ భారత్ – గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)’ అనే చట్టాన్ని ఆమోదించింది. పత్రికల్లో ‘వీబీ జీ రామ్ జీ’ అని వచ్చేది అదే. అందులో కుటుంబానికి ఏడాదికి వంద రోజులున్న హామీ 125 రోజులకు పెరిగింది. విత్తనాలప్పుడు, కోతలప్పుడు కలిపి ఏడాదిలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టారు. ఖర్చులో రాష్ట్రాల వాటా కూడా పెంచారు. కానీ అడిగినవాళ్లకు 15 రోజుల్లో పని చూపాలి, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి అన్న మూలసూత్రం అందులోనూ ఉంది. నేను చెప్పేది 2005 చట్టం కింద మన ఊళ్లలో ఇరవై ఏళ్లుగా నడిచిన పద్ధతి. రోజుల లెక్క మారినా అర్జీ, మస్టరు (హాజరు పట్టీ), కొలత, ఖాతా అనే ఈ వరుస తెలిసినవాళ్లను దబాయించడం కష్టం.

ముందు జాబ్ కార్డు

కార్డు మనిషికి కాదు, కుటుంబానికి ఇస్తారు. ఇంట్లో 18 ఏళ్లు నిండి, మట్టిపని చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లందరి పేర్లూ అందులో రాయించుకోవచ్చు. పంచాయతీలో అర్జీ ఇస్తే 15 రోజుల్లో కార్డు రావాలి. దీనికి ఫీజు లేదు, అతికించే ఫొటో ఖర్చు కూడా మీది కాదు. ‘కార్డుకు రెండొందలు’ అని ఎవరైనా అడిగితే అది వాళ్ల జేబుకే.

పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు వేరే కుటుంబం కిందే లెక్క. భర్త లేని ఆడమనిషి ఒక్కతే ఉన్నా అది ఒక కుటుంబమే, ఆమెకు సొంత కార్డు ఇవ్వాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజులు కార్డు లెక్కనే వస్తాయి. ఒకే కార్డులో అత్తామామలు, కొడుకూ కోడలూ ఉంటే నలుగురికీ కలిపి వంద రోజులే. అంటే మనిషికి 25. వేరుగా వండుకు తింటూ ఒకే కార్డు మీద నెట్టుకొచ్చే ఇళ్లు మా గ్రూపులోనే మూడు ఉండేవి. వేరు కార్డు కోసం అర్జీ పెట్టండని చెబితే, ‘ఇల్లు విడిపోయిందని ఊరంతా చాటుకోవాలా’ అన్నదొక పెద్దామె. ఆవిడ మాట కాదనలేం. చట్టం మాత్రం పొయ్యిలనే లెక్కపెడుతుంది.

కార్డు వచ్చాక చేయాల్సింది ఒకటే, దాన్ని మీ ఇంట్లో పెట్టుకోవడం. ‘నా దగ్గర ఉంటే భద్రం’ అని ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటో, మేటీయో, ఊరి పెద్దో తీసుకుంటే వెనక్కి తెచ్చుకోండి. పనికి రాని వాళ్ల పేర్ల మీద మస్టర్లు పడేది ఇలా చేతులు మారిన కార్డులతోనే. కార్డు గడువు ఐదేళ్లు. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, మీ పేర్లు జాబితాలో అలాగే ఉన్నాయో లేదో పంచాయతీలో గానీ ఉపాధి హామీ వెబ్‌సైటులో గానీ చూసుకోండి. ఆధార్ కలవలేదనీ, ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) కాలేదనీ పేర్లు తీసేయడం ఈ మధ్య ఎక్కువైంది. పేరు పోయిందన్న సంగతి పని మొదలైన రోజు తెలిస్తే ఆ వారం కూలి పోయినట్టే.

పని అడగడం: అసలు కిటుకు ఇక్కడే

ఊళ్లో మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. ఎండాకాలం రాగానే ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చి, ‘అక్కా, సోమవారం నుంచి చెరువులో పని, అందరూ రండి’ అంటాడు. అందరూ వెళ్తారు. ఆయన పిలవకపోతే ఎవరూ వెళ్లరు. ‘ఈసారి పని రాలేదు’ అనుకుని ఊరుకుంటారు, లేదా బెంగళూరుకో హైదరాబాదుకో బస్సెక్కుతారు.

చట్టం మాత్రం తిరగేసి రాశారు. పని పైనుంచి రాదు, మీరు అడిగితే పుట్టాలి. అడగనిదే అమ్మైనా పెట్టదన్న సామెత అచ్చంగా ఈ పథకానికే సరిపోతుంది.

కాబట్టి ‘మాకు ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు పని కావాలి’ అని అర్జీ ఇవ్వాలి. ఒక అర్జీలో కనీసం 14 రోజుల వరుస పని అడగండి. పంచాయతీలో ఇవ్వొచ్చు, మండల పరిషత్ ఆఫీసులోనూ ఇవ్వొచ్చు. వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు లాంటివాళ్లకు కూడా అర్జీ తీసుకునే అధికారం ఉంది. రాయడం రాకపోతే నోటితో చెప్పినా తీసుకోవాలి. ఒక్కరు పెట్టినా చెల్లుతుంది, పదిమంది కలిసి పెట్టినా చెల్లుతుంది. నన్నడిగితే కలిసి పెట్టడమే మేలంటాను. కొత్త పని తెరవాలంటే కనీసం పదిమంది కూలీలు ఉండాలన్న నిబంధన ఉంది. పదిహేను మంది సంతకాలు, వేలిముద్రలు ఒకే కాగితం మీద ఉంటే ‘మనుషులు చాలలేదు’ అన్న మాటకు తావుండదు. గుంపుగా వెళ్లినవాళ్లను ‘రేపు రండి’ అని తిప్పి పంపడం కూడా అంత తేలిక కాదు.

అర్జీ ఇచ్చాక తేదీ వేసిన రసీదు తీసుకోకుండా అక్కణ్నుంచి కదలకండి. ‘రసీదు ఎందుకమ్మా, పని వచ్చినప్పుడు నేనే పిలుస్తాగా’ అని నవ్వుతూ అంటారు. మీరూ నవ్వుతూనే నిలబడండి. 15 రోజుల గడువు మొదలయ్యేది ఆ తేదీ నుంచే. నిరుద్యోగ భృతి లెక్క కట్టేదీ ఆ తేదీనిబట్టే. రసీదు లేకపోతే మీరు అడిగినట్టే కాదు. అడగనివాళ్లకు పని ఇవ్వకపోతే ఎవరి తప్పూ కాదు. రసీదు పుస్తకం అయిపోయిందంటే, మీ అర్జీ జిరాక్సు మీదే ‘అందినది’ అని రాయించి, సంతకం, తేదీ వేయించుకోండి. అదీ వేయకపోతే రిజిస్టర్ పోస్టులో ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి) పంపండి. పోస్టాఫీసు ఇచ్చే కాగితం మీద తేదీ ఉంటుంది.

15 రోజులు దాటినా పని రాకపోతే

అర్జీ ఇచ్చిన తేదీ నుంచి గానీ, మీరు పని కావాలన్న తేదీ నుంచి గానీ, ఏది తర్వాతైతే దాని నుంచి 15 రోజుల్లో పని చూపాలి. చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకు కూలి రేటులో కనీసం నాలుగో వంతు, ఆ పైన ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన కాలానికి కనీసం సగం. 2025–26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల రేటు రోజుకు 307 రూపాయలు. అంటే మొదటి నెల రోజుకు 76 రూపాయల 75 పైసలు, ఆ తర్వాత 153 రూపాయల 50 పైసలు.

ఈ భృతి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాలి. అందుకే దాన్ని ఇవ్వడం కంటే ఏదో ఒక పని చూపించడమే అధికారులకు సులువు. మా మండలంలో భృతి చేతికి అందుకున్నవాళ్లను నేను చూడలేదు. రసీదు పట్టుకుని భృతి కోసం అర్జీ పెట్టగానే నాలుగో రోజు పని తెరవడం మాత్రం రెండుసార్లు చూశాను. ఈ నిబంధన వల్ల అసలు లాభం అదే.

అయితే దీనికి మెలిక ఉంది. పని చూపించినా వెళ్లకపోతే, చెప్పాపెట్టకుండా వరుసగా వారానికి మించి మానేస్తే, లేదా ఒక నెలలో మొత్తం మీద వారానికి మించి మానేస్తే మూడు నెలల పాటు భృతి అడిగే హక్కు పోతుంది. పని అడిగే హక్కు మాత్రం పోదు.

ఊరికి 5 కిలోమీటర్ల లోపలే పని చూపాలి. అంతకంటే దూరమైతే రాకపోకలకు, తిండీతిప్పలకు అని కూలిలో 10 శాతం ఎక్కువ కట్టివ్వాలి.

మీ పొలంలోనే పని కావాలంటే

ఉపాధి పని అంటే చెరువు పూడిక, కాలువ, రోడ్డు పక్క గుంతలు అనే అనుకుంటారు. సొంత భూమిలో కూడా చేయించుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు, ఆడవాళ్లు గానీ వికలాంగులు గానీ ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు, అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లు ముందు వరుసలో ఉంటారు. ఆ తర్వాత సన్న, చిన్నకారు రైతులు. సేద్యపు కుంట, గట్లు వేయడం, పండ్ల తోట, పశువుల షెడ్డు, ఇంకుడు గుంత లాంటివన్నీ ఇందులో ఉన్నాయి. షరతు ఒకటే: ఆ ఇంటికి జాబ్ కార్డు ఉండాలి, ఆ పనిలో ఇంటివాళ్లు కూడా దిగాలి.

ఇది ఏప్రిల్‌లో గుర్తొస్తే కుదరదు. వచ్చే ఏడాదికి కావాల్సిన పనుల జాబితాను గ్రామసభలో తయారు చేయడం అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ఆ సభకు వెళ్లి మీ సర్వే నంబరుతో సహా చెప్పండి, తీర్మానంలో రాశారో లేదో చదివించుకుని వినండి. సభ జరిగినట్టు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకునే ఊళ్లున్నాయని అందరికీ తెలిసిందే. ఆ పుస్తకం మీ గుమ్మంలోకి వస్తే, సంతకానికి ముందు మీ పని అందులో ఉందో లేదో చూడండి.

ఆవాస్ యోజనలో ఇల్లు మంజూరైనవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. సొంత ఇల్లు కట్టుకునేందుకు మైదాన ప్రాంతాల్లో 90 పనిదినాల కూలి ఈ పథకం నుంచే రావాలి. ఇంటి డబ్బు వేరు, ఇది వేరు. చాలామంది అడగక వదిలేస్తారు.

పని దగ్గర: మస్టరు, ఫొటో

మస్టరు అంటే హాజరు పట్టీ. ఇప్పుడు అది ఫోనులోకి మారింది. మేటీ గానీ ఫీల్డ్ అసిస్టెంట్ గానీ ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లో రోజుకు రెండుసార్లు పని స్థలం నుంచే ఫొటో తీసి ఎక్కించాలి. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల సొంత పనులు తప్ప, మిగతా అన్ని పనులకూ ఇది తప్పనిసరి అయింది. రెండో ఫొటో లేకపోతే ఆ రోజు హాజరు తేలదు. ఎండాకాలం ఆరింటికే దిగి పదకొండు లోపు పని ముగించే మన ఊళ్లలో, పని అయిపోయినా రెండో ఫొటో కోసం చెట్టు కింద కూర్చోవడం కొత్త అలవాటు. విసుక్కుని ఇంటికి పోకండి, పోతే కూలి పోతుంది.

సిగ్నల్ లేని చోట, సర్వర్ మొరాయించిన రోజున మేటీని ఒకటి అడగండి: ‘ఈ పూట ఫొటో ఎక్కిందా, లేదా?’ ఎక్కకపోతే ఆ రోజే, మర్నాటి దాకా ఆగకుండా, ఆ పూట పనిలో ఉన్నవాళ్ల పేర్లు కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఏపీఓకు (మండలంలో ఉపాధి పనులు చూసే అధికారికి) ఇవ్వాలి. నేను మేటీగా ఉన్నప్పుడు ఒకసారి ‘సాయంత్రం ఎక్కుతుందిలే’ అని వదిలేశాను. ఎక్కలేదు. పద్దెనిమిది మందికి ఒక రోజు కూలి పోయింది. అందులో మా అమ్మదీ ఉంది. ఆ వారమంతా ఇంట్లో నాకు అన్నం పెట్టేటప్పుడు గిన్నె చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది.

మీకంటూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పిల్లల పాత నోటు పుస్తకంలో మిగిలిన పేజీలు చాలు. తేదీ, ఏ పని, ఎవరెవరు వెళ్లారు. మూడే గడులు. వారం చివర మస్టరులో మీ రోజులు ఎన్ని పడ్డాయో అడిగి పక్కన రాసుకోండి. రెండు అంకెలు కలవకపోతే అప్పుడే మాట్లాడాలి. నెల తర్వాత మాట్లాడితే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

పని స్థలంలో తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. తల్లులతో వచ్చిన చిన్నపిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒకామెను పెట్టి ఆమెకూ అదే కూలి ఇవ్వాలి. ఈ పనికి ముసలామెనో, గర్భిణినో పెట్టమని గ్రూపే అడగొచ్చు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఉన్నన్ని రోజులూ కూలి రేటులో సగానికి తగ్గకుండా ఇవ్వాలి. దెబ్బ తగిలిన రోజు మస్టరులో మీ పేరుండాలి, ఏపీఓకు ఆ రోజే రాసివ్వాలి.

కాంట్రాక్టరు ఉండకూడదు. మనుషులు చేయగల పనికి జేసీబీ పెట్టకూడదు. రాత్రి యంత్రంతో తవ్వి పగలు మనుషుల్ని నిలబెట్టి ఫొటో తీస్తే, ఆ కూలిలో మీకెంత వస్తుందో నేను చెప్పనక్కర్లేదు.

కొలతలు: 307 ఎందుకు రాలేదు?

జనాన్ని అన్నిటికంటే ఎక్కువ గందరగోళపెట్టేది ఇదే. ‘రేటు 307 అన్నారు, మాకు 240 పడింది, మధ్యలో ఎవరు తిన్నారు?’ ఎవరో తిని ఉండొచ్చు, తినకపోయీ ఉండొచ్చు. తేల్చుకోవాలంటే లెక్క తెలియాలి.

307 రోజువారీ జీతం కాదు. ఒక మనిషి రోజుకు చేయాల్సినంత పని చేస్తే వచ్చే కూలి. ఎంత పని చేయాలన్నది నేలనుబట్టి మారుతుంది. మెత్తటి మట్టికి ఎక్కువ ఘనపు మీటర్లు, గట్టి మొరానికి తక్కువ. తవ్విన మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తు ఎక్కించి పోశారు అన్నదానికి విడిగా కలుపుతారు. వారం చివర టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి పొడవు, వెడల్పు, లోతు కొలిచి కొలతల పుస్తకంలో రాస్తారు. దాన్నే అందరూ ఎం బుక్కు అంటారు. గ్రూపు మొత్తానికి వచ్చిన డబ్బును ఎవరెన్ని రోజులు వచ్చారో దాన్నిబట్టి పంచుతారు.

ఒక లెక్క వేద్దాం. గ్రూపులో పదిమంది, ఆరు రోజులు. మొత్తం 60 పనిదినాలు. చేయాల్సినంతా చేస్తే 60 ఇంటూ 307, అంటే 18,420 రూపాయలు. కొలతలో పని 80 శాతమే తేలిందనుకోండి. 14,736 వస్తాయి. దాన్ని 60తో భాగిస్తే రోజుకు 245 రూపాయల 60 పైసలు. 240కి దగ్గరగా పడటం వెనక ఉండే లెక్క ఇలాంటిదే.

మరి ఆ 80 శాతం నిజంగా మనం తక్కువ తవ్వడం వల్లా, కొలత తక్కువ రాయడం వల్లా? ఇక్కడ మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పని మొదలైన రోజే ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు తవ్వితే పూర్తి కూలి వస్తుందో అడిగి, ముగ్గుతో గీయించుకోండి. అది అడక్కుండా ఆరు రోజులు తవ్వి ఏడో రోజు బాధపడి లాభం లేదు. మట్టి గట్టిదైతే ఆ మాట మొదటి రోజే టెక్నికల్ అసిస్టెంట్‌కు చూపించి చెప్పాలి. వాన పడి నేల మెత్తబడ్డాక ఎవరూ నమ్మరు. గుంత మధ్యలో అక్కడక్కడ తవ్వని మట్టి దిమ్మె వదిలితే లోతు ఎంతో వాదన లేకుండా తెలుస్తుంది. పాత చెరువుల్లో, నేల ఎత్తుపల్లాలుగా ఉన్నచోట ఇది మరీ అవసరం. కొలిచేటప్పుడు గ్రూపులో కనీసం ఇద్దరు పక్కన నిలబడి ఆ మూడు అంకెలూ మీ నోటు పుస్తకంలో రాసుకోండి. టీఏ గారికి కోపం వస్తుందేమోనని సంకోచిస్తారు. నా అనుభవంలో చాలామంది టీఏలకు కోపం రాలేదు. వచ్చినవాళ్ల కొలతలే మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

గ్రూపులో ఇద్దరు బద్ధకస్తులుంటే మిగతావాళ్ల కూలి తగ్గుతుందన్న గొడవ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. దానికి చట్టంలో మందు లేదు. ఎవరితో గ్రూపు కట్టాలన్నది మీరే చూసుకోవాలి.

డబ్బు ఏ ఖాతాలో పడింది?

మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. పడకపోతే పదహారో రోజు దాటినప్పటి నుంచి, బాకీ ఉన్న కూలి మీద రోజుకు 0.05 శాతం పరిహారం. ఆరు రోజుల పూర్తి కూలి 1,842 రూపాయలనుకుంటే, రోజుకు 92 పైసలు. నెల ఆలస్యమైతే 28 రూపాయలు కూడా రావు. డబ్బు కోసం కాకపోయినా అడగండి. ఆలస్యమైందని ఒప్పుకున్న కాగితం ఒకటి మీ చేతికి వస్తుంది.

2024 జనవరి 1 నుంచి చెల్లింపులన్నీ ఆధార్ ఆధారంగానే. అంటే డబ్బు మీరు జాబ్ కార్డు దగ్గర రాయించిన ఖాతా నంబరుకు పోదు, మీ ఆధార్‌కు ఆఖరుగా ఏ ఖాతా జోడించారో అందులోకి పోతుంది. నేను చూసిన ‘డబ్బులు పడలేదు’ గొడవల్లో పెద్ద భాగం ఇదే. మా గ్రూపులో ఒకామెకు ఏడు వారాల కూలి రాలేదు. ఆఫీసులో అడిగితే ‘పడింది’ అంటారు, పాసుపుస్తకంలో సున్నా. చివరికి తేలిందేమంటే, ఎప్పుడో ఊళ్లోకి వచ్చి వేలిముద్ర వేయించుకుని తెరిచిన వేరే ఖాతాలో డబ్బంతా చేరి ఉంది. ఆ ఖాతా ఉందన్న సంగతే ఆమెకు గుర్తులేదు.

కాబట్టి బ్యాంకులో అడిగే ప్రశ్న సరిగ్గా అడగాలి. ‘నా ఖాతాకు ఆధార్ లింకు ఉందా?’ అంటే ఉందనే చెబుతారు, కేవైసీ కోసం ఇచ్చిన ఆధార్ అందరిదీ ఉంటుంది. ‘నా ఆధార్‌కు ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఏ బ్యాంకులో ఉంది?’ అని అడగండి. మ్యాపింగ్ అంటే మీ ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పే జోడింపు. అది వేరే బ్యాంకులో ఉంటే, ఇక్కడికి మార్చమని ఫారం నింపి ఇవ్వండి. కొత్త ఖాతా తెరిచిన ప్రతిసారీ ఈ మ్యాపింగ్ మారే ప్రమాదం ఉంది. ‘ఊరికే ఒక ఖాతా, సున్నా బ్యాలెన్సు’ అని ఎవరైనా వేలిముద్ర అడిగితే కాస్త ఆలోచించండి.

డబ్బు అసలు బ్యాంకు దాకానే రాకపోతే, మీ మస్టరు నంబరు చెప్పి ఎఫ్‌టీఓ అయిందా అని ఏపీఓను అడగండి. ఎఫ్‌టీఓ అంటే చెల్లింపు ఉత్తర్వు. అది కాకపోతే తప్పు మండలంలో ఉంది. అయ్యీ డబ్బు రాకపోతే పైనుంచి నిధులు రావాలి, లేదా ‘రిజెక్ట్’ అయి ఉంటుంది. రిజెక్ట్ అయితే దాని కారణం కంప్యూటర్లో కనిపిస్తుంది, చూసి చెప్పమనండి. ఖాతా నిద్రాణమైందనో, ఆధార్‌లో పేరు ఒకలా, కార్డులో ఒకలా ఉందనో వస్తుంది. సవరించాక ఆ డబ్బు మళ్లీ పంపాలి, పోదు.

ఊళ్లో వేలిముద్ర మిషను దగ్గర డబ్బు తీసేటప్పుడు చీటీ తీసుకోండి. వేలు రెండోసారి పెట్టమంటే మొదటిసారి ఏమైందో చీటీ చూశాకే పెట్టండి.

ఫిర్యాదు, ఆడిట్

ముందు మండలంలో, రాతపూర్వకంగా. ఎంపీడీఓ హోదాలో ఉన్న ప్రోగ్రాం ఆఫీసరు ఏడు రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి వెళ్లండి, ఈ పథకం మీద ఫిర్యాదులు వినే జిల్లా అంబుడ్స్‌మన్‌కు కూడా ఇవ్వొచ్చు. చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లకు వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. అంతే. భయపడేవాళ్లు భయపడతారు.

నేనైతే సోషల్ ఆడిట్‌ను ఎక్కువ నమ్ముతాను. ఊళ్లోకి బయటి బృందం వచ్చి, మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ‘నువ్వు ఈ రోజుల్లో పనికి వెళ్లావా, ఇంత డబ్బు తీసుకున్నావా’ అని అడగడం, తర్వాత మండలంలో అందరి ముందూ ప్రజావేదిక పెట్టి చదవడం ప్రభుత్వమే పెద్ద ఎత్తున నడిపి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. వాళ్లు వచ్చిన రోజు కూలికి వెళ్లిపోకండి. జాబ్ కార్డు, పాసుపుస్తకం, మీ నోటు పుస్తకం మూడూ ముందు పెట్టండి. ‘ఏమో అయ్యా, వెళ్లాననే అనుకుంటా’ అంటే వాళ్లు రాసుకోవడానికి ఏమీ ఉండదు. ‘ఏప్రిల్ 14 నుంచి 19 దాకా ఐదు రోజులే వెళ్లాను, 17న మా చెల్లెలి ఇంట్లో శుభకార్యం’ అని పుస్తకం చూపించి చెబితే, ఆ ఆరో రోజు కూలి ఎవరి ఖాతాలోకి పోయిందో వెతకడం వాళ్ల పని.

ఇక అర్జీ నమూనా. ఆఫీసులో ఫారం ఇస్తే అదే నింపండి, ఇవ్వకపోతే తెల్లకాగితం మీద ఇలా రాసి రెండు కాపీలు పట్టుకెళ్లండి.

తేదీ: ……………

గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,
…………… గ్రామం, …………… మండలం.

అయ్యా / అమ్మా,

కింద సంతకాలు, వేలిముద్రలు వేసిన మేము ఈ గ్రామ నివాసులం. ఉపాధి హామీ జాబ్ కార్డులు ఉన్నవాళ్లం. మాకు …………… తేదీ నుంచి …………… తేదీ వరకు వరుసగా …… రోజులు పని కావాలి. గడువులోగా పని చూపించాలని, చూపలేకపోతే చట్టప్రకారం నిరుద్యోగ భృతి మంజూరు చేయాలని కోరుతున్నాం. ఈ అర్జీ అందినట్టు తేదీతో రసీదు ఇప్పించగలరు.

పేరు, జాబ్ కార్డు నంబరు, సంతకం లేదా వేలిముద్ర:
1. ……………
2. ……………